కానరాని చేతుల ఋణము

ధర చెల్లించి వస్తువును కొన్నవాడు దానిని చేసినవానికి మఱి యేమైనను ఋణపడియుండునా? ఈ ప్రశ్న వేసినచో అంగడివాడు నవ్వును. మా వృత్తిలోనివారు నవ్వరు గాని, ఒడంబడికలో అట్టి షరతు లేదని చెప్పి కాగితము మడిచి చేతికిత్తురు. ఇరువదియేండ్లుగా న్యాయస్థానములలో ఒడంబడికలను వ్యాఖ్యానించుచు జీవించుచున్న మేమును చాలకాలము అట్లే తలచియుంటిమి. మా తలంపును కదల్చినది శాస్త్రగ్రంథము కాదు. మాయింటి అటకమీదనున్న యొక పాత టేకుపెట్టెయు, అందులోని యొక చీటీయు.

మా స్వగ్రామము కొడవలూరు. నెల్లూరునుండి ఉత్తరముగా పెన్న దాటి, కలకత్తాకు పోవు పెద్దబాటను పట్టుకొని పోయినచో వచ్చును. తూర్పున సముద్రము, నడుమ బకింగుహాము కాలువ, చుట్టును వరిమళ్లు. 1903వ సంవత్సరమున ఈ గ్రామమునుండి మా ముత్తాతగారు లండను నగరమందలి యొక వర్తకునికి చీటీ వ్రాసి సరకులు తెప్పించుకొనిరి. ఆ వర్తకుని పేరుతో మనకిప్పుడు పని లేదు. అతడు పంపిన బొమ్మల జాబితాలో ప్రతి వస్తువునకును ఒక అంకె యుండును. కావలసిన అంకెలను వరుసగా వ్రాసి, చెన్నపట్టణములోని బ్యాంకులో హుండీ తీయించి, రెంటిని ఒక కవరులో పెట్టి పంపుటయే చేయవలసిన పని. సూయజు కాలువ 1869లో తెఱవబడినది మొదలు ఓడలు ఆఫ్రికాఖండమును చుట్టి రావలసిన పని తప్పినది. 1899లో బెజవాడనుండి చెన్నపట్టణమునకు రైలుదారి పూర్తియైనది. కావున పెట్టె రేవునుండి నెల్లూరువఱకు రైలుమీదను, అచ్చటినుండి ఎడ్లబండిమీదను వచ్చెను. చీటీ పోయినది సంక్రాంతి వెళ్లిన వెంటనే. పెట్టె వచ్చినది రోహిణికార్తెలో.

ఆ చీటీ నకలు మాయొద్ద నున్నది. గోడగడియారము 1, పట్టుగొడుగు 1, హరికేను లాంతర్లు 2, పింగాణీపళ్లెములు 6, కలముకత్తి 1, కోటుగుడ్డ 4 గజములు, లాంగుక్లాతు తాను 1. మొత్తము ఏడు పౌనుల చిల్లర. నాడు పౌనునకు 15 రూపాయలు. గడియారము మా బాల్యమువఱకు నడిచినది. పళ్లెములలో ఎవరును భుజింపలేదు. మడికి పనికిరావని మా ముత్తవ్వగారు వానిని గూటిలో అలంకారముగా నిలిపిరి. సముద్రము దాటిన మనుష్యుని వెలివేసిన యింటిలోనే సముద్రము దాటి వచ్చిన గడియారమును చూచి ముహూర్తములు పెట్టుచుండిరి. ఈ వింతను గూర్చి మఱియొకప్పుడు ముచ్చటింతము.

పెట్టె తెఱచిన దినమున ఊరంతయు వాకిట చేరినదట. పాటూరునుండి చీరలు మోసికొనివచ్చి మాయింట అమ్మెడి వృద్ధుడైన నేతగాడొకడు అప్పుడచ్చటనే యుండెను. అతడు గడియారమును చూడలేదు, లాంతరును చూడలేదు. లాంగుక్లాతు తాను అంచు పట్టుకొని బొటనవ్రేలితో చాలసేపు తడవి, గుడ్డను వెలుతురునకు ఎత్తి పోగులు చూచి, "పోగు యాడా తప్పలేదు సామీ. బలే చెయ్యి. నేసినాయన పేరేంది?" అని అడిగెనట. మా ముత్తాతగారు చీటీని త్రిప్పి చూచిరి. అందు వర్తకుని పేరు కలదు, ఓడ పేరు కలదు, బ్యాంకు పేరు కలదు, పెట్టె బరువు కలదు. నేసినవాని పేరు లేదు. "మరమగ్గం మీద నేసిందిరా, పేరుండదు" అని వారు బదులు చెప్పిరి. "మరకైనా మనిషి కావాల గదా సామీ" అని యతడు గుడ్డను మడిచి యిచ్చి, తన మూట నెత్తికెత్తుకొని వెడలిపోయెను. ఆనాడతడు మాయింట చీర అమ్ముకొనలేదని మా నాయనమ్మగారు చెప్పెడివారు. వారు తమ అత్తగారివలన వినిరి.

కథ యింతటితో ముగియలేదు. లాంగుక్లాతుతో కుట్టించిన చొక్కాలను చాకలి మొదటిసారి చెఱువున ఉదికినప్పుడు నీరు తెల్లబడినది. గంజియు, గంజితో కలిపిన సుద్దమన్నును కరగిపోగా, దిట్టముగా నుండిన గుడ్డ జల్లెడవలె పలుచబడినది. మా ముత్తాతగారు కోపించి సీమకు ఫిర్యాదు వ్రాసిరి. మూడు నెలలకు జవాబు వచ్చినది: సరకు మాదిరిగుడ్డకు సరిపోవుచున్నది గనుక తాము బాధ్యులము కామని. మాదిరిగుడ్డలోను అదే సుద్దమన్ను ఉండెను గదా! మాదిరిని పరీక్షించినను కనబడని లోపము సరకులో ఉండరాదని 1930 నాటి సరకుల విక్రయచట్టము 17వ సెక్షనులో విధించినది. అది మా ముత్తాతగారికి ఇరువదియేడేండ్లు ఆలస్యముగా వచ్చిన న్యాయము.

అయితే ఆ చట్టములో పక్షములు రెండే: అమ్మినవాడు, కొన్నవాడు. నేతగాడు అడిగిన ప్రశ్నలోని మూడవ మనుష్యుడు అందు ప్రవేశింపడు. ఒడంబడికకు పరాయివాడని వానికి మా శాస్త్రములో పేరు. ఇది పాశ్చాత్యుల చట్టములోని కొఱత మాత్రమే యని తలపరాదు. కాకతి గణపతిదేవ మహారాజు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము మన తెలుగువారికి గర్వకారణమైనదే. తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు అపహరించుచుండగా, ఈతడు ప్రాణములకు తెగించి సముద్రముమీద వచ్చు వర్తకులయందు దయ తలచి, న్యాయమైన సుంకము తప్ప మఱేమియు తీసికొనమని శిలపై చెక్కించెను. ఆ దయ మెచ్చదగినది. కాని వర్తకునికి అభయమిచ్చిన శిల కలదు. ఆ వర్తకుడు కొనిపోయిన బట్టను నేసినవానికి అభయమిచ్చిన శిలను మేమింతవఱకు చూడలేదు.

నేతగాని ప్రశ్నకు నేడు మేము కొంతవఱకు బదులు చెప్పగలము. ఆ గుడ్డ ఇంగ్లండులోని లాంకషైరు మండలపు నేతశాలలో పుట్టియుండును. అచ్చట మఱమగ్గములయొద్ద పనిచేసినవారిలో స్త్రీలే హెచ్చు. కావున "నేసినాయన" అనుటకంటె "నేసినామె" అనుటయే సత్యమునకు దగ్గర. ఒక్కొక్కతె తఱచుగా నాలుగు మగ్గములను కనిపెట్టుచుండెడిది. 1903లో పండ్రెండేండ్ల బాలికలు సయితము సగము దినము మిల్లులోను, సగము దినము పాఠశాలలోను గడపుటకు చట్టము అనుమతించుచుండెను. ఈ సగముపూట ఏర్పాటును తొలగించిన విద్యాచట్టము 1918లో గాని రాలేదు. నాడెలోని కండె అయిపోయినప్పుడు క్రొత్త కండెను పెట్టి, దాని నూలుకొసను నాడె కంటినుండి పెదవులతో పీల్చి వెలికి తీయుట అచ్చటి వాడుక. ఒకే నాడెను పలువురు నోట పెట్టుకొనెడివారు. పోగు తెగకుండుటకై శాలలోనికి ఆవిరిని పంపి గాలిని చెమ్మగా నుంచెడివారు. ఇది మితి మీఱుటచేత 1889లో దీనికొక హద్దు ఏర్పఱచుచు చట్టము చేయవలసివచ్చెను. గుడ్డకు బరువు కలుగుటకై గంజిలో కలిపిన సుద్దమన్ను మగ్గము కదలినకొలది ధూళియై లేచి నేసెడివారి ఊపిరిలో చేరుచుండెను.

కొడవలూరి చెఱువున కరగినది ఆ మన్నే. కొన్నవాని కండ్లలోను, నేసినదాని ఊపిరిలోను పడినది ఒకే దుమ్ము. మా ముత్తాతగారు తమకు మోసము జరిగినదని వ్రాసిన ఫిర్యాదులో ఒక్క మాటయు అసత్యము కాదు. కాని తాము వ్రాసిన చీటీయే ఆ దుమ్మును లేపినదని వారికి తోచలేదు. తోచుటకు మార్గమును లేదు. ఆఱువేల మైళ్ల దూరము నడుమ నుండెను గదా!

ఈ దూరమే మన విచారమునకు మూలము. పాటూరి నేతగాని చీర కొన్నప్పుడు అతని చేతివ్రేళ్లు కనబడును, దగ్గు వినబడును, బేరమాడునప్పుడు ఏదో యొక మాటకు నోరు ఆగును. అంకెలు వ్రాసి పంపునప్పుడు నోటిని ఆపు ముఖము లేదు. కాని చీటీ యనగా నేమి? అది కోరిక కాదు, ఆజ్ఞ. ఇంత పొడుగు, ఇంత వెడల్పు, ఇంత వెల, ఇంతలోపల అని వ్రాసినవాడు ఎవరినో పనిలో నియోగించుచున్నాడు. ఆ పని ఎట్టిదో తానెఱుగక పోవచ్చును. నియోగించినవాడు మాత్రము తానే.

ఇందులో మనము ఎల్లప్పుడును చీటీ వ్రాసినవారమే కాము. చీటీ అందుకొన్నవారము కూడ. లాంగుక్లాతు అను ఇంగ్లీషుమాట పుట్టినదే మన కోరమండలు తీరమున నేసిన పొడుగైన తానులను గూర్చి. మా పూర్వులు నేయగా కంపెనీవారు కొనిపోయిన బట్ట, రెండువందల యేండ్ల పిమ్మట అదే పేరుతో మఱమగ్గముమీదనుండి మాయింటికి తిరిగివచ్చినది! ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మచిలీబందరున కొఠీ పెట్టిరి. 1626 ప్రాంతమున మా నెల్లూరు తీరమునందే దుగరాజపట్నమున మఱియొక కొఠీ వెలసినది. ఆర్మగాను అని వారి కాగితములలోని పేరు. బట్ట ఇంతకంటె చౌకగాను బాగుగాను దొరకు తావును వెదకుచు పోయియే ఫ్రాన్సిసు డే 1639లో చెన్నపట్టణపు స్థలమును సంపాదించెను. అనగా నేటి మహానగరమొకటి బట్టధరలోని తేడావలన పుట్టినదన్నమాట. లండనునుండి డైరెక్టర్లు వ్రాసెడి ఉత్తరములలో కొలతలును, రంగులును, పువ్వుల తీరులును ఉండెడివి. ఎఱ్ఱని నేలమీది పువ్వులకంటె తెల్లని నేలమీది పువ్వులు తమ దేశమున బాగుగా చెల్లుచున్నవని వారు 1643లో సూరతునకు వ్రాసిరి. ఇట్టి యుత్తరము ఓడదిగి దుబాసీ చేతికి, దుబాసీనుండి వర్తకునికి, వర్తకునినుండి బయానా రూపముగా నేతగానికి చేరెడిది. బయానా పుచ్చుకొన్ననాటినుండి అతని మగ్గము తనది కాదు. బట్ట తిరస్కరింపబడినచో బయానా అప్పుగా నిలుచును. ఆ యుత్తరములను చదివినప్పుడు మాకు మా ముత్తాతగారి దస్తూరియే జ్ఞాపకము వచ్చుచున్నది. అదే యంకెల వరుస, అదే మర్యాద, అదే అజ్ఞానము.

ఇప్పుడు మిక్కిలి కష్టమైన సంగతికి వచ్చుచున్నాము. నెల్లూరు మండలమున నేసెడి యొక నూలుబట్టకు కంపెనీ కాగితములలో సేలంపూరు అని పేరు. దీనిని నీలిమందులో ముంచి రంగు వేసి ఓడల కెక్కించెడివారు. ఈ నీలిబట్ట పోయినది వెస్టిండీసు దీవులకు; కట్టుకొన్నవారు అచ్చటి చెఱకుతోటలలోని నీగ్రో బానిసలు. కోరమండలు తీరపు బట్టలు ఆఫ్రికాఖండపు పడమటి యొడ్డున మనుష్యులను కొనుటకు మారకముగా కూడ చెల్లినవి. మా సీమలోని నేతగాడు తన గుంటమగ్గములో కాళ్లు వ్రేలాడవేసికొని కూర్చుండి నేసిన గుడ్డ, సముద్రములకావల ఒక మనుష్యుని వెలయో, వాని మొలగుడ్డయో అగుచుండెను.

ఆ నేతగాడు పాపియా? మేము కాదనుచున్నాము. నేరమునకు తెలివి ముఖ్యమని మా శాస్త్రము. అతనికి తెలిసికొను మార్గమే లేదు. ఓడ ఎక్కడికి పోవునో అతడడిగినను చెప్పువారు లేరు. కాని కొఠీలో కూర్చుండి చీటీ చదివినవానికి తెలియును. లండనులో చీటీ వ్రాసినవానికి మఱింత బాగుగ తెలియును. తెలిసినవానికిని, తెలియనివానికిని నడుమ మూడవవాడొకడు కలడు: తెలిసికొనగలిగియు తెలిసికొననివాడు. న్యాయస్థానములో ఇట్టివానిని మేము తఱచుగా చూచుచుందుము. దొంగసొత్తును సగము వెలకు కొని, "ఎక్కడిదని నేనడుగలేదు" అని ప్రమాణము చేయువాడు వీడే. న్యాయాధిపతి వానిని అమాయకుడని విడువడు. అంగడిలో మాత్రము మనమందఱము ఒకరినొకరము విడుచుకొనుచున్నాము.

కథలో ఇంకొక మలుపు కలదు. 1833లో బ్రిటిషు పార్లమెంటు తన వలసలలో బానిసత్వమును రద్దుచేయు చట్టము చేసినది. 1834 ఆగస్టు 1వ తేదీన అది అమలులోనికి వచ్చినది. తూర్పు ఇండియా కంపెనీ పాలనలోని మన దేశమును ఆ చట్టము మినహాయించినది. మనకు 1843 నాటి 5వ చట్టమువఱకు వేచియుండవలసివచ్చినది. వెస్టిండీసులో బానిసలు విముక్తులైన పిమ్మట ఆ నీలిబట్టను కొనువారు లేకపోయిరి. బేరము పడిపోయెను, మా సీమలో దానిమీద బ్రతికిన మగ్గములు పని కోలుపోయెను. యజమానులకు ఆస్తి నష్టమైనదని 2 కోట్ల పౌనులు పరిహారముగా చెల్లింపబడినవి. విముక్తులైనవారికి ఒక్క పెన్నీయు లేదు. నెల్లూరి నేతగానికి తన బేరమేల పోయినదో చెప్పినవాడును లేడు.

ఈ ఘట్టమును తలచినప్పుడెల్ల మాకు నెమ్మది లేకున్నది. బానిసల సంకెళ్లు తెగుట ధర్మము. అందులో సందేహమునకు తావు లేదు. ఆ ధర్మము జరుగుటవలన ఇచ్చట ఒక నిరపరాధి కూడు పోయినది; అదియు సత్యమే. "మేము కొనుట మానినచో పేదవాని పొట్ట కొట్టినట్లగును" అను వాదము నేడును వినబడుచున్నది. ఆ వాదము పూర్తిగా అబద్ధము కాదు. కాని అది చెప్పువాడు ఎవరో చూడుడు. చీటీ వ్రాయుచున్నంతకాలము నేతగాని పొట్ట అతనికి జ్ఞాపకము రాలేదు. చీటీ మానుమన్నప్పుడు మాత్రమే జ్ఞాపకము వచ్చినది. నిజముగా ఆ పొట్టమీద దయ కలవాడయినచో 2 కోట్ల పౌనులలో నేతగానికొక పాలు అడిగియుండును. ధర్మముయొక్క ఖర్చు ఎవరు భరింపవలెనన్న ప్రశ్నను విడిచి, ధర్మము చేయవలెనా వలదా యని వాదించుట వర్తకుని యుపాయము. మాకు అభిమానపాత్రులైన పెద్దలు కొందఱు ఈ యుపాయమునకు లోబడుట చూచి విచారించినారము.

స్వదేశి వస్తువును కొన్నచో ఈ చిక్కు తీరునని చెప్పువారు కలరు. ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. 1921 ఏప్రిలు 7వ తేదీన మహాత్మాగాంధీగారు మా పెన్న యొడ్డుననే పల్లిపాడున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. రాట్నపు ధ్వని ఈ మండలములో ఎందఱి యిండ్లకో వెలుగు తెచ్చినది. అయినను విదేశవస్త్రదహనమును తలచినప్పుడు మాకు లండను నగరము జ్ఞాపకమునకు వచ్చును. 1719లో ఆ నగరమందలి స్పిటలుఫీల్డ్సు నేతగాండ్రు, మన దేశపు అద్దకపుబట్టలు తమ కూడు తీయుచున్నవని ఆగ్రహించి, వీధిలో పోవు స్త్రీల యొంటిమీది కలంకారీ గౌనులను చించివేసిరి. కొంచెము కాలమునకే పార్లమెంటువారు ఆ బట్టలను కట్టుకొనుటయే నిషేధించిరి. అచ్చట చిరిగినది మన నేత. రెండువందల యేండ్లకు ఇచ్చట కాలినది వారి నేత. ఆకలి ఇరుప్రక్కలను నిజమైనదే. కాలిన గుడ్డ తనను నేసినదెవరో అప్పుడును చెప్పలేదు. ఆ 1921లోనే రవీంద్రనాథ ఠాకూరుగారు దేశములో గుడ్డలేనివారుండగా గుడ్డను కాల్చుటను ఆక్షేపించిరి. ఇద్దఱు మహనీయులలో ఎవరి పక్షము సరియని మమ్మడిగినచో, కాల్చుటలో ఠాకూరుగారి మాటయు, వడకుటలో గాంధీగారి మాటయు మాకు సమ్మతము. ఇది గోడమీది పిల్లివాటమని మిత్రులు హాస్యమాడుదురు, ఆడనిండు.

గాంధీగారు సయితము స్వదేశియన్న పేరుతోనే తృప్తిపడినవారు కారు. ఖద్దరు చౌకగా నుండవలెనని కొనువారు కోరుచుండగా, వడికెడి స్త్రీకి దినమునకు అణాయో, అణాలో కొంతయో దక్కుచుండెను. అందులో విధవలెందఱో, వృద్ధురాండ్రెందఱో! 1935లో ఆయన చరఖాసంఘమువారిని నిర్బంధించి, వడికెడివారికి కడుపునిండు కూలి ఇచ్చినగాని ఖద్దరు శుద్ధమైనది కాదని పట్టుపట్టిరి. వెల పెరిగినది, కొనువారు సణిగిరి. దేశభక్తులే సణిగిరని చదువరులు గమనింపవలెను. విదేశపు మిల్లుగుడ్డలో సుద్దమన్ను ఎట్టిదో, స్వదేశపు ఖద్దరులో తక్కువ కూలి అట్టిది, ఉదుకువఱకు కనబడదు. మన సాహుకారుల బయానా క్రింద తండ్రి అప్పునకు కొడుకు మగ్గమెక్కిన యిండ్లను చూచుటకు మేము సముద్రము దాటి పోనక్కఱలేకుండెను.

1931 సెప్టెంబరులో గాంధీగారు లాంకషైరునకు పోయిరి. భారతదేశము గుడ్డ కొనుట మానినందున అచ్చట మిల్లులు మూతపడి, వేలకొలది జనులు పని లేక యుండిరి. ఆ కోపమును ఆయన ఎదుర్కొనవలసివచ్చునని పలువురు భయపడిరి. ఆయన మాత్రము కూలివారి యిండ్ల నడుమ బసచేసి, వారి కష్టమును విని, తన దేశపు కష్టమును చెప్పెను. డార్వెను పట్టణమున తీసిన యొక ఛాయాపటము ప్రసిద్ధమైనది: శాలువ కప్పుకొన్న గాంధీగారు, చుట్టును చేతులెత్తి సంతోషధ్వానము చేయుచున్న మిల్లుపడతులు. ఎవని చీటీ ఆగినందున తమ కూడు పోయినదో వానిని వారు కన్నులారా చూచిరి. ఎవరి కూడు తన మాటవలన పోయినదో వారిని ఆయనయు చూచెను. ఆ పటమును చూచినప్పుడెల్ల మేము ఆ ముఖములలో 1903 నాటి లాంగుక్లాతు నేసినదాని కూతురో, మనుమరాలో ఉన్నదేమో యని వెదకుచుందుము. ఇట్టి వెదకులాట వకీలునకు తగదని మాకును తెలియును.

"ఇంతయు తెలిసికొని కొనుట ఎవరికి సాధ్యము? సూది కొనుటకును సూదిచేసినవాని వంశవృక్షము చదువవలెనా?" అని ఒక మిత్రుడు మమ్ముల నడిగెను. న్యాయమైన ప్రశ్నయే. ప్రతి వస్తువును గూర్చి ప్రతివాడును తెలిసికొనజాలడు. కాని సాధ్యము కాని దానిని ముందు పెట్టుకొని సాధ్యమైనదానిని విడిచిపెట్టుట మన కులపు పాతతంత్రము. మా వకీళ్ల కులమనియే మా యర్థము. 2013 ఏప్రిలు 24వ తేదీన ఢాకా సమీపమున సావారులో రాణాప్లాజా యను ఎనిమిదంతస్తుల మేడ కూలి, అందు దుస్తులు కుట్టుచుండిన 1,100 మందికి పైగా మరణించిరి. ముందునాడే గోడలు బీటలు వాఱుట అందఱును చూచిరి. అయినను చీటీలలోని గడువు తప్పరాదని మఱునాడు వారిని లోపలికి పంపిరి. ఎవరి చీటీలు? ఆ శిథిలములలో చిక్కిన దుస్తుల మెడపట్టీలను ఏరియే లోకము దానిని తెలిసికొనవలసివచ్చెను. ఆ పిమ్మట మే నెలలో ఏర్పడిన ఒడంబడికలో, చీటీలు పంపు విదేశపు కంపెనీలు అచ్చటి మేడల భద్రతకు చట్టరీత్యా కట్టుబడినవి. కార్మికసంఘములు అందు ఒక పక్షము. మా వృత్తిజీవితములో మేము చదివిన ఒడంబడికలలో ఆ మూడవ మనుష్యుడు పేరుతో ప్రవేశించినది దానిలోనే మొదట కంటిమి. 1,100 ప్రాణములు పోయినపిమ్మట ప్రవేశించినాడు.

గత సంవత్సరము మాయింట వివాహమునకు చీరలు కావలసి పాటూరు పోయితిమి. ఒక నేతయింట ఒక చీర నచ్చినది. వెల చెప్పిరి; మేము అలవాటు చొప్పున తగ్గింపుమని నోరు తెఱచి, ఎందులకో యాగితిమి. డబ్బిచ్చి, నేసినవారి పేరేమని అడిగితిమి. అతడు సందేహించి, సర్కారువారి లెక్కకేమో యనుకొని మా ముఖము చూచెను. కాదంటిమి. అప్పుడతడు తన పేరు చెప్పి, లోపలికి చూచి, "నేసింది నేనే గానీ లాయరుగారూ, కండెలు చుట్టింది మా ఇంటామె. ఆమె పేరు గూడా రాసుకోండి" అనెను. మేము బిల్లు వెనుకప్రక్క రెండు పేర్లును వ్రాసికొంటిమి. ఆ కాగితము ఇప్పుడు 1903 నాటి చీటీతోపాటు టేకుపెట్టెలో నున్నది.